బూజు దులిపిన ఉడుత

మద్దికోన అనే అడవి ఉంది. పేరుకు తగ్గట్టే అందులో ఎటు చూసినా మద్దిచెట్లే. జింకలు, కొండముచ్చులు, ముళ్లపందులు, నెమళ్లు, గోరింకలు అక్కడ హాయిగా బతికేవి. అన్నిటికంటే ఎక్కువ సందడి మాత్రం ఉడుతలదే. ఏ కొమ్మ మీద చూసినా ఒక ఉడుత తోక ఎగరేస్తూ ఎవరితోనో తగువు పెట్టుకుంటూ కనిపించేది.

వాగు ఒడ్డున ఉన్న ఒక పాత మద్దిచెట్టుకు రెండు తొర్రలు ఉండేవి. కింది తొర్రలో పూసమ్మ అనే ఉడుత, పై తొర్రలో మిసిమి అనే ఉడుత కాపురం ఉండేవారు. ఇద్దరూ తోడికోడళ్లు. పూసమ్మ పెద్దది, నెమ్మదస్తురాలు. మిసిమి చిన్నది, చురుకైనది, ఇల్లు శుభ్రంగా ఉంచుకోవడంలో ఆమె తర్వాతే ఎవరైనా.

మిసిమికి తన తోకంటే మహా గర్వం. ఆ తోక కుచ్చులా ఒత్తుగా, మెత్తగా ఉండేది. పొద్దున్నే లేచి దాన్ని దువ్వుకునేది. ఆ తర్వాత దానితోనే ఇల్లు ఊడ్చుకునేది. ఊడ్చాక మళ్లీ దువ్వుకునేది. ఇలా సగం పొద్దు తోకతోనే గడిచిపోయేది.

ఆ ఏడు ఎండాకాలం చివర్లో మిసిమికి ముగ్గురు పిల్లలు పుట్టారు. మద్దికోన ఉడుతలకు ఒక ఆచారం ఉంది. పిల్లలు కళ్లు తెరిచాక, తొలకరి పడేలోపు, చుట్టాలందరినీ పిలిచి పిల్లల్ని చూపిస్తారు. దాన్ని 'పిల్లల చూపు' అంటారు. వచ్చేవాళ్లు వట్టి చేతులతో రారు. ఒకరు వెదురు బియ్యం తెస్తారు, ఒకరు ఇప్పపలుకులు, ఇంకొకరు అడవి అంచున ఉన్న చేలలోంచి జొన్నలు తెస్తారు. అన్నీ తొర్ర వెనక ఉన్న గింజల గుంటలో పోసి వెళ్తారు. వానలు మొదలైతే మద్దికోనలో రోజుల తరబడి బయట కాలు పెట్టలేరు. చిన్న పిల్లల తల్లికి అసలే కుదరదు. ఆ గుంటలో గింజలే వానలు వెలిసేదాకా ఆ ఇంటికి ఆధారం.

అయితే వచ్చిన చుట్టాలు పిల్లల్ని మాత్రమే చూసి ఊరుకుంటారా? ఇల్లు కూడా చూస్తారు. మూలలు చూస్తారు. తిరిగి వెళ్లేటప్పుడు దారి పొడుగునా వాటి గురించే మాట్లాడుకుంటారు.

కిందటేడు పూసమ్మ ఇంట్లో పిల్లల చూపు జరిగింది. అప్పుడు చింతచెట్టు దొడ్డమ్మ వచ్చింది. ఉడుతల్లో అందరికంటే పెద్దది ఆమె. ఆమె మాటంటే అందరికీ భయం. లోపలికి వస్తుంటే వాకిలి పైనున్న సాలెగూడు ఆమె మీసాలకు చుట్టుకుంది.

"ఇదేం ఇల్లే పూసమ్మా! చుట్టాల్ని పిలిచావా, సాలీళ్లని పిలిచావా?" అంది దొడ్డమ్మ మీసాలు తుడుచుకుంటూ.

అందరూ పకపకా నవ్వారు. పూసమ్మ కూడా నవ్వేసి, "రండి దొడ్డమ్మా, పిల్లల్ని చూద్దురు గాని" అంది. కానీ వెనక నిలబడ్డ మిసిమికి మాత్రం సిగ్గుతో ప్రాణం పోయినంత పనయింది. తన ఇంట్లో ఇలాంటిది ఎప్పుడూ జరగనివ్వకూడదని ఆ రోజే గట్టిగా అనుకుంది.

ఇప్పుడు తన వంతు వచ్చింది. మిసిమి తల ఎత్తి వాకిలి పైకి చూసింది. అక్కడ ఒక పొడుగు కాళ్ల సాలీడు తీరిగ్గా గూడు కట్టుకుని కూర్చుంది. ఎన్నాళ్ల నుంచి ఉందో తెలియదు. మిసిమి ఈ చెట్టుకు కాపురానికి రాకముందు నుంచే ఉందని పూసమ్మ చెప్పేది.

"చూడు సాలీడూ, రేపోమాపో చుట్టాలొస్తారు. నువ్వు ఇక్కడి నుంచి బయల్దేరాలి" అంది మిసిమి.

సాలీడు ఉన్నచోటు నుంచి కదలలేదు. "నేను నీ పిల్లల్ని కుట్టానా అమ్మా?"

"లేదు."

"నీ గింజల్లో ఒక్కటైనా ముట్టానా?"

"లేదు."

"మరి నా వల్ల నీకొచ్చిన నష్టమేంటి?"

మిసిమి కాసేపు ఆలోచించింది. "నువ్వు కనిపిస్తున్నావు కదా! అదే నష్టం" అంది. తోక ఎత్తి ఒక్క విసురు విసిరింది. గూడు తెగి తోకకు చుట్టుకుంది. సాలీడు తొర్ర అంచు పట్టుకుని వేలాడింది.

మర్నాడు పొద్దున మిసిమి లేచేసరికి గూడు మళ్లీ అక్కడే ఉంది. తోకతో దులిపింది. ఆ మర్నాడూ ఉంది. మళ్లీ దులిపింది. తోక నిండా జిగురు దారాలే. దువ్వీ దువ్వీ మిసిమికి చేతులు నొప్పెట్టాయి, కోపం నషాళానికి అంటింది.

ఆ గోల విని పూసమ్మ పైకి వచ్చింది. "ఏంటి చెల్లీ, పొద్దున్నే ఎవరి మీద ఈ యుద్ధం?"

"ఈ బూజు మీద అక్కా. ఎన్నిసార్లు దులిపినా మళ్లీ వస్తోంది."

పూసమ్మ గూడు వంక చూసింది. "ఇది బూజు కాదే. మూల చూడు, దుమ్ము పట్టి, దారాలు నల్లబడి, ఎవరూ లేకుండా వేలాడుతోందే, అదీ బూజు. దాన్ని దులుపు. నేనూ నెలకోసారి దులుపుకుంటాను. ఇది కాపురం ఉన్న గూడు. పిల్లల పక్కకు దగ్గరగా ఉందనిపిస్తే ఒక పుల్లతో కాస్త జరుపు, అంతేగాని వెళ్లగొట్టకు. మన అత్తగారి రోజుల్నుంచీ వాకిలి మీద సాలీడు ఉంటూనే ఉంది."

"అందుకేగా కిందటేడు దొడ్డమ్మ నిన్ను అందరి ముందూ ఆ మాట అంది!" మిసిమి నోరు జారింది.

పూసమ్మ ముఖం చిన్నబోయింది. అయినా మాటకు మాట అనలేదు. "దొడ్డమ్మ ఒక్క పూట ఉండి వెళ్లింది చెల్లీ. ఇంట్లో ఏడాది పొడుగునా ఉండేది మనం" అని మాత్రం అంది.

మిసిమి మొగుడు ఆ పక్కనే కూర్చుని ఇప్పపలుకు నములుతున్నాడు. "నువ్వైనా చెప్పు" అని మిసిమి అతని వైపు తిరిగింది. అతను గబగబా ఇంకో పలుకు నోట్లో పెట్టుకున్నాడు. నోటినిండా తిండి ఉంటే ఎవరి పక్షానా మాట్లాడక్కర్లేదని అతనికి బాగా తెలుసు.

మిసిమి ఇక ఆగలేదు. ఒక మద్దాకు తెచ్చి సాలీడును దాని మీదికి నెట్టింది. ఆకును దూరంగా ఉన్న కొమ్మ దాకా మోసుకుపోయి అక్కడ విసిరేసింది. తిరిగి వచ్చాక చూస్తే వాకిలి మూలలో దూదిపింజంత తెల్లటి మూట ఒకటి అతుక్కుని ఉంది. అవి సాలీడు గుడ్లు. మిసిమి దాన్ని కూడా గోటితో గీరి బయటికి తోసింది. తనకూ ముగ్గురు పిల్లలున్నారన్న సంగతి ఆ నిమిషంలో ఆమెకు గుర్తు రాలేదు.

మూట నేలమీద పడలేదు. కిందికి దిగుతున్న పూసమ్మ వీపు మీద పడింది. పూసమ్మ దాన్ని నోటితో మెల్లిగా పట్టుకుని తన తొర్రలోకి తీసుకుపోయింది. ఎందుకని మిసిమి అడగలేదు. అడిగే తీరికా లేదు, ఊడ్చుకోవాల్సిన మూలలు ఇంకా మిగిలే ఉన్నాయి.

పిల్లల చూపు ఘనంగా జరిగింది. చింతచెట్టు దొడ్డమ్మ వాకిట్లో ఆగింది. పైకి చూసింది, కిందికి చూసింది, నాలుగు మూలలూ చూసింది. ఒక్క దారప్పోగు కూడా కనిపించలేదు.

"ఇల్లంటే ఇలా ఉండాలి!" అంది దొడ్డమ్మ. "పూసమ్మా, నీ తోడికోడల్ని చూసి కాస్త నేర్చుకోవే."

మిసిమి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. "అక్క ఇంట్లో చుట్టాలకు చోటెక్కడుంది దొడ్డమ్మా! అన్ని మూలలూ ముందే నిండిపోయాయి" అంది. అందరూ నవ్వారు. పూసమ్మ తను తెచ్చిన వెదురు బియ్యం గుంటలో పోసి, పిల్లల తలలు నిమిరి దిగి వెళ్లిపోయింది. గుంట అంచు దాకా నిండింది. ఆ నిండు గుంటను చూసుకుంటుంటే మిసిమికి కడుపు నిండినట్టే అనిపించింది.

చుట్టాలు వెళ్లిన కొద్ది రోజులకు, సాయంత్రం పూట, బూడిదరంగు రెక్కల పురుగులు ఒకటీ అరా తొర్రలోకి రావడం మొదలైంది. గోరంత పురుగులు. చప్పుడు చేసేవి కావు, కుట్టేవి కావు. గోడకు అతుక్కుని కూర్చుంటే బెరడులో కలిసిపోయేవి. గింజల గుంట మీద కాసేపు తిరిగి, తెల్లారేసరికి ఎటో పోయేవి.

"ఇవేంటి?" అన్నాడు మిసిమి మొగుడు.

"పోనీలే, పాపం. ఇల్లు పాడు చేయడం లేదు, మూలల్లో ఏమీ కట్టడం లేదు. చూడ్డానికి కూడా ముచ్చటగా ఉన్నాయి" అంది మిసిమి.

మిసిమికి ఆ రెక్కల పురుగులు మురికిగా కనిపించలేదు, అందుకే వాటిని ఏమీ అనలేదు. అవి గుంట మీద ఎందుకు తిరుగుతున్నాయో ఆమె ఆలోచించనే లేదు. ఇన్నేళ్లుగా అవి ఎందుకు రాలేదో కూడా ఆలోచించలేదు.

తొలకరి పడింది. తర్వాత ముసురు పట్టింది. వాగు పొంగి చెట్టు మొదట్లోకి వచ్చింది. కొమ్మలన్నీ నాచు పట్టి జారుడుగా తయారయ్యాయి. ఉడుతలన్నీ తొర్రల్లో ముడుచుకుని కూర్చున్నాయి. మిసిమి ఏ దిగులూ లేకుండా గుంట పైనున్న గింజలు తీసి పిల్లలకు పెట్టేది, తనూ తినేది. తోక దువ్వుకుంటూ వాన చూసేది.

ఒకరోజు గింజల కోసం గుంటలో చెయ్యి పెట్టింది. చేతికి గింజలు రాలేదు, ఒక ముద్ద వచ్చింది. వెదురు బియ్యం, జొన్నలు, ఇప్పపలుకులు అన్నీ కలిసి ఉండ కట్టాయి. వాటిని పట్టి ఉంచినవి సన్నటి దారాలు. ఉండను విడదీస్తే లోపల ఆ దారాలు కక్కుతూ తెల్లటి పురుగులు కదిలాయి. ఇంకా లోతుకు చెయ్యి పెట్టింది. అంతా అలాగే ఉంది. గింజ గింజకూ దారమే, దారం నిండా పురుగే. మిగిలింది పొట్టు, ముక్క వాసన.

వాకిలి మీద దారం ఉండకూడదని మిసిమి ఎంత పోరాడింది! ఇప్పుడు ఆ దారం తన పిల్లల తిండిలోకే వచ్చింది.

"అమ్మా, ఆకలి" అన్నాడు పెద్దపిల్లాడు.

ఆమె మొగుడు వానలోనే బయటికి దూకాడు. చాలాసేపటికి వణుక్కుంటూ తిరిగొచ్చాడు. కొమ్మ మీంచి జారి కాలు బెణికింది. నోట్లో ఒక కుళ్లిన కాయ ముక్క తప్ప ఏమీ లేదు. ముగ్గురు పిల్లలూ దాన్ని వాసన చూసి ముఖాలు తిప్పుకున్నారు.

ఆ రోజు గడిచింది. మర్నాడూ వాన ఆగలేదు. చిన్నపిల్ల ఏడవడం మానేసింది. ఏడవడానికి కూడా దానికి ఓపిక లేదు. అది చూశాక మిసిమికి నిజంగా భయమేసింది. కింది తొర్ర ఎంతో దూరం లేదు, కానీ అక్కడికి వెళ్లాలంటే పిల్లల చూపు రోజు తను అన్న మాటలన్నీ దాటి వెళ్లాలి. ఏ ముఖం పెట్టుకుని అడగాలి? కాసేపు అటూ ఇటూ తిరిగింది. చిన్నపిల్ల వంక ఇంకోసారి చూసింది. ఇక ముఖం సంగతి మర్చిపోయి తడిసిన బెరడు పట్టుకుని కిందికి దిగింది.

"అక్కా" అంది వాకిట్లో నిలబడి.

పూసమ్మ ఆమె ముఖం చూసింది. "పిల్లల్ని తీసుకురా. మరిదిని కూడా రమ్మను" అంది.

అంతే. ఒక్క ప్రశ్న వేయలేదు. దెప్పితే బాగుండునని మిసిమికి అనిపించింది, దెప్పకపోయేసరికి ఇంకా సిగ్గేసింది.

లోపలికి వస్తుంటే వాకిలి మీది సాలెగూడు మిసిమి మీసాలకు తగిలింది. ఈసారి ఆమె దులపలేదు, తల వంచుకుని కిందినుంచి వచ్చింది. లోపల పూసమ్మ గింజల గుంట శుభ్రంగా, పొడిగా ఉంది. గింజలు గలగలమంటున్నాయి. మిసిమి తల ఎత్తి గూడు వంక చూసింది. అందులో బూడిదరంగు రెక్కలు ఎన్నో వేలాడుతున్నాయి. ఒట్టి రెక్కలు మాత్రమే. మిగతాది సాలీడు తినేసింది.

"అంటే రెక్కల పురుగులు గింజల్లో గుడ్లు పెట్టకుండా నీ గుంటను కాపాడింది ఈ సాలీళ్లా అక్కా?"

"కాపాడాలని ఏమీ అనుకోలేదే అవి. వాటికి ఆకలేసింది, తిన్నాయి. మనకు మేలు జరిగింది. ఇద్దరికీ బాగానే ఉంది కదా."

ఆ వానాకాలమంతా రెండు కుటుంబాలూ ఒకే తొర్రలో ఉన్నాయి. ఇరుగ్గా ఉండేది. పెట్టేది కొంచెం కొంచెమే. పూసమ్మ పిల్లలు కూడా అర్ధాకలితోనే పడుకునేవారు. ఆ సంగతి మిసిమికి ప్రతి ముద్దలోనూ తెలిసేది. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. ఆమె తోక సన్నబడింది. దాన్ని దువ్వుకోవాలన్న ధ్యాస కూడా పోయింది.

వానలు కాస్త తెరిపిచ్చిన ఒక పొద్దున వాకిలి మూలలో చిన్న కదలిక కనిపించింది. పూసమ్మ అతికించిన తెల్లటి మూట విచ్చుకుంది. ఆవగింజల కంటే చిన్న సాలీడు పిల్లలు బిలబిలమంటూ బయటికి వచ్చాయి. పిల్ల ఉడుతలన్నీ చుట్టూ చేరి నోళ్లు తెరుచుకుని చూశాయి.

మిసిమి ఆ మూటను గుర్తుపట్టింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే దూరంగా ఉన్న కొమ్మ మీదికి పరుగెత్తింది. బెరడు సందులన్నీ వెతికింది, ఆకులన్నీ తిప్పి చూసింది. ముసలి సాలీడు ఎక్కడా లేదు. తిరిగి వచ్చి పూసమ్మ పక్కన కూలబడింది.

"క్షమించమని అడుగుదామని వెళ్లానక్కా. కనపడలేదు."

"వానకు పోయి ఉంటుంది చెల్లీ" అంది పూసమ్మ. "దాని పిల్లలున్నాయిగా."

ఎండ వచ్చింది. గాలి వీచింది. సాలీడు పిల్లలు ఒక్కొక్కటీ దారం వదులుతూ గాలిలోకి ఎగిరిపోసాగాయి. వాటిలో ఒకటి వచ్చి మిసిమి తోక మీద వాలింది. అలవాటు కొద్దీ తోక విసరబోయి, మిసిమి బిగుసుకుపోయి నిలబడింది.

"కదలకండర్రా!" అంది తన పిల్లలతో. తోకను ఒక్క వెంట్రుకైనా ఊగకుండా నిటారుగా పట్టుకుంది. మెల్లిగా, చాలా మెల్లిగా చెట్టెక్కింది. ఉడుత అంత నిదానంగా చెట్టెక్కడం మద్దికోనలో అదివరకు ఎవరూ చూడలేదు. ఎదురు కొమ్మ మీది గోరింకలు ఆమెకు జబ్బు చేసిందనుకున్నాయి. పై తొర్ర చేరాక వాకిలి మూలకు తోక ఆనించి నిలబడింది. సాలీడు పిల్ల కాసేపు ఆలోచించి, తోక దిగి మూలలోకి పాకింది.

"ఇది మీ అమ్మ ఇల్లే" అంది మిసిమి. "ఉంటే ఉండు."

సాలీడు పిల్ల అప్పుడే దారం తీయడం మొదలుపెట్టింది.

మరుసటి ఏడు మిసిమికి మళ్లీ పిల్లలు పుట్టారు. మళ్లీ పిల్లల చూపు వచ్చింది. మిసిమి ఇల్లంతా ఊడ్చింది. దుమ్ము పట్టిన పాత దారాలు దులిపింది. వాకిలి మీద కాపురం ఉన్న గూడు జోలికి మాత్రం పోలేదు. చింతచెట్టు దొడ్డమ్మ అందరికంటే ముందు వచ్చింది. గూడు నేరుగా ఆమె మీసాలకు చుట్టుకుంది. వెనకనున్న చుట్టాలంతా ఊపిరి బిగబట్టారు.

"మిసిమీ! ఏంటే ఇది? నీ ఇంట్లో కూడానా?"

పూసమ్మ ఏదో సర్ది చెప్పబోయింది. మిసిమి ముందుకు వచ్చింది. ఆమెకు సిగ్గు వేయలేదు.

"కాస్త తల వంచుకుని రండి దొడ్డమ్మా" అంది. "వాకిట్లో వాళ్లు పనిలో ఉన్నారు. కిందటేడు వాళ్లను వెళ్లగొట్టినందుకు నా పిల్లలు ఆకలితో పడుకున్నారు. మా అక్క ఆదుకోకపోతే ఈ రోజు మీరు చూడ్డానికి ముగ్గురు పిల్లలు తక్కువయ్యేవారు."

ఎవరూ నవ్వలేదు. దొడ్డమ్మ మిసిమి వంక చూసింది, గూడు వంక చూసింది, గూట్లో వేలాడుతున్న బూడిదరంగు రెక్కల వంక చూసింది. మీసాలు కూడా తుడుచుకోకుండా తల వంచుకుని లోపలికి వచ్చింది. పిల్లల్ని చూసింది. తెచ్చిన గింజలు గుంటలో పోసింది. అందరూ మాటల్లో పడ్డాక మిసిమిని పక్కకు పిలిచింది.

"మా తొర్రలో కిందటేడు జొన్నలన్నీ ఉండ కట్టాయే" అంది చాలా చిన్న గొంతుతో. "ఎవరికీ చెప్పలేదు, పరువు పోతుందని. నీ దగ్గర ఒక సాలీడు పిల్ల దొరుకుతుందా?"

మిసిమి ఆమె తోక వంక చూసింది. ముసలిదైనా ఒత్తుగానే ఉంది.

"దొరుకుతుంది దొడ్డమ్మా. కానీ దాన్ని మీ ఇంటిదాకా తోక ఊపకుండా మోసుకెళ్లాలి" అంది.

నీతి: హాని చేయని పొరుగును చూడ్డానికి బాగాలేదని వెళ్లగొడితే, అది వాకిట్లో ఆపుతున్న హాని మన ఇంట్లోకి వస్తుంది.